ఊద గడ్డి వరిలెక్కనే ఎందుకుంటది?

పాకాల కోడలు:

అందరికి నమస్తే. డీఎస్సీ గ్రూపులల్ల ఈ ప్రశ్న పెడితే "సిలబస్‌ల లేదు మేడం" అని ఊకున్నరు. అందుకే ఇక్కడ అడుగుతున్న.

నేను హన్మకొండల బీజెడ్సీ చదివిన. పుట్టినిల్లు పరకాల దిక్కు, అన్నీ చెల్కలే. పత్తి, మక్క, జరంత కంది. పొలంల కాలు పెట్టింది పెండ్లయినంకనే. ఇప్పుడు ఉండేది నర్సంపేట దిక్కు, పాకాల చెరువు కింద ఎకరం ముప్పై గుంటలు ఉన్నది మాకు.

పోయిన వానకాలం నాటేసిన ఇరవై ఐదో రోజు కలుపుకు దిగినం. మా అత్తమ్మ, ముగ్గురు కూలోళ్లు, నేను. కొత్త కోడలు పనికి వెనకవడ్డదని అనిపించుకోవద్దని అందరికంటె ముందుగాల్ల బరబర పీక్కుంట పోయిన. ఒరం మీద కుప్ప పెట్టంగనే, కూలికొచ్చిన ఒక ముసలవ్వ, డెబ్బై దాటి ఉంటయి, నా కుప్పను ముందలేసుకొని రెండు పాయలు చేసింది. ఒకటి ఇంత, ఒకటి అంత. పెద్ద పాయ మొత్తం వరి.

"పంటను పీకి దొంగను నిలవెట్టినవు గద బిడ్డా" అన్నది. అందరు నవ్విన్రు. మా అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు.

అవ్వ నా చేతిల ఊద అనే కలుపు మొక్క ఒకటి, వరి మొక్క ఒకటి పెట్టింది. రెండు ఒక్కతీరు పచ్చగున్నయి, ఒక్కతీరు నిలవడి ఉన్నయి, ఎత్తు సుత ఒక్కటే. నాకు తేడా దొరకలే. అవ్వ కండ్లు మూసుకొని, ఆకు మొదట్ల బొటనవేలు పెట్టి "ఇది వరి, ఇది ఊద" అన్నది. మూడుసార్లు మార్చి మార్చి ఇచ్చిన. మూడుసార్లు సరిగ్గనే చెప్పింది.

అప్పటిసంది నాకు ఒకటే తిరుగుతున్నది. గడ్డికి కండ్లు లేవు. వరి ఎట్లుంటదో దానికి ఎవరు చెప్పిన్రు? ఇంకోటి చూసిన. మా బండ్ల బాట పక్కన, కాలువ గట్టు మీద మొలిచే ఊద ఇట్ల ఉండది. నేల మీద పరుచుకుంటది, మొదలు ఎర్రగ ఉంటది. దాన్ని మూడేండ్ల పిల్లగాడు సుత వరి అనుకోడు. పొలంల ఉన్నదే వేషం కట్టుకొని నిలవడుతది. ఎందుకు?

చదువుకున్నదాన్నే, ప్రకృతి వరణం (తట్టుకున్నదే మిగిలి పిల్లలను పెట్టుడు) నాకు కంఠతా వస్తది. ఇంగ్లండ్ల మాంచెస్టర్, 1848, నల్ల మాత్ అనే రెక్కల పురుగు, పొగ గొట్టాలు. జిరాఫీ మెడ అయితే లామార్క్, ఒక మార్కు. కాని మాంచెస్టర్ల ఏమైందో చెప్పిన పుస్తకం పాకాల కింద ఏమైతున్నదో చెప్పలేదు.

మా ఆయన "దేవుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క వేషం ఇచ్చిండు" అంటడు. మా అత్తమ్మ "కలికాలం, గడ్డి సుత మోసం నేర్చింది" అంటది. నాకు రెండూ సరిపోతలేవు. తెలిసినోళ్లు చెప్పుండ్రి. ఇంకో మాట, ఇది గడ్డికేనా, మనుషులకు సుత ఇట్ల అయితదా?


పాత ఏఈవో:

అమ్మా, ముప్పై రెండేండ్లు వ్యవసాయ శాఖల పని చేసి దిగిపోయిన. ఎన్ని రైతు సదస్సులల్ల మాట్లాడినా ఈ ప్రశ్న ఒక్కరు అడగలేదు. నీ ప్రశ్నకు జవాబు నీ పక్కనే ఒరం మీద కూసున్నది.

ఊదకు ఆ వేషం కట్టింది ఆ అవ్వనే. ఆమె, ఆమె తల్లి, ఆ తల్లికి తల్లి. ఎట్లనంటవా? ఒక మడిల వంద ఊద మొక్కలు మొలిచినయి అనుకో. అన్నీ ఒక్క అచ్చుల పోసినట్టు ఉండవు. కొన్నిటి మొదలు ఎర్రగ, కొన్నిటిది పచ్చగ. కొన్ని పక్కలకు పరుచుకుంటయి, కొన్ని నిటారుగ లేస్తయి. కలుపుకు దిగిన ఆడోళ్ల కంటికి ముందుగాల్ల ఏది ఆనుతది? ఎర్రది, పరుచుకున్నది. అది ఒరం మీదికి పోతది, ఎండి పశువుల పాలయితది. కంటికి ఆననిది మడిలనే ఉంటది. వరి కోతకు రాకముందే ఊద గింజ రాల్చుకుంటది, ఒక్క మొక్కకు వేల గింజలు. మరుసటి ఏడు మొలిచేటివి ఎవరి పిల్లలు? పోయినేడు తప్పించుకున్నదాని పిల్లలే. ఈ లెక్కన ఏటా రెండు కలుపులు, వందల ఏండ్లు. ఊద ఏమీ నేర్వలేదు, ఎవ్వరినీ చూసి వేషం కట్టలేదు. అట్ల లేనిదాన్ని మనం పీకేసినం, అంతే.

బాట పక్కన దాన్ని ఎవ్వరు పీకరు. అక్కడ నిలవడితే లాభం లేదు, పరుచుకుంటెనే మేకల నోటికి, బండి చక్రానికి తట్టుకుంటది. (ఊదలల్ల జాతులు రెండు మూడున్నయి, నువ్వు గట్టు మీద చూసింది వేరే జాతి సుత కావచ్చు. మొదలు తెంపి చూస్తే తప్ప నేను చెప్పలేను.)

ఈ సంగతిని ముందుగాల్ల పట్టుకున్నది రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్. అందుకే కలుపు పంటవేషం కట్టుడును ఆయన పేరుతోనే పిలుస్తరు. గోధుమ చేన్ల కలుపుగ మొలిచిన రై అనే గడ్డి, ఏరగ ఏరగ గోధుమ తీరుగ మారి, గింజ లావయి, చలి ఎక్కువున్న చోట చివరికి అదే పంట అయి కూసున్నది. దేశదేశాల విత్తనాలు పోగు చేసిన ఆ మనిషి స్టాలిన్ జైల్ల 1943ల ఆకలికి చచ్చిపోయిండు, అది వేరే కథ. చైనాల యాంగ్‌ట్సీ నది దిక్కు వరి మళ్లల్ల ఊద జన్యువులు చదివిన్రు, 2019ల అచ్చయింది. నిటారుగ నిలవడుడు, మొదలు ఎరుపు పోవుడు, నువ్వు చూసిన గుణాలే. ఆ వేషం అక్కడ మొదలై వెయ్యేండ్లు అయి ఉంటదని తేల్చిన్రు.

దొంగ అంటున్నరు గదా, మరి ఆ దొంగ చుట్టమే ఇప్పుడు హన్మకొండ దుకాణాలల్ల "ఊదలు" అని సిరిధాన్యం కింద అమ్ముడువోతున్నది. అన్నం కంటె పిరం.

ఇగ అవ్వ బొటనవేలు. వరికి ఆకు, కాండం కలిసే చోట తెల్లటి పలచని పొర ఉంటది, పక్కకు కొక్కెంలెక్క సన్న చెవులుంటయి. ఊదకు అక్కడ ఏమీ లేదు, నున్నగ ఉంటది. ఊద పైవేషం అంతా మార్చింది గని ఆ ఒక్క జాగ మార్చలేదు. ఎందుకంటే నడుము వంచి రోజుకు ఇంత పొలం ఏరేటోళ్లు ప్రతి మొక్కకు ఆ జాగ చూడరు. పైపైన చూసి పీకుతరు. చూడని జాగల ఏరివేత ఉండదు.

ఛత్తీస్‌గఢ్ దిక్కు ఇంకో విచిత్రం. అక్కడ అడవి వరి కలుపుగ వస్తది, లేతల ఉన్నప్పుడు అసలు వరికి దానికి తేడా తెల్వదు. అందుకని వంకాయరంగు ఆకుల వరి రకాలు తెచ్చిన్రు, పచ్చగున్నదల్ల పీకేయచ్చని. కొన్నేండ్లు బాగనే నడిచింది. తర్వాత పుప్పొడి కలిసి అడవి వరి సుత వంకాయరంగుకు వచ్చింది!


కేయూ క్యాంటీన్:

ఇదంతా చెప్పుకోవడానికి బాగుంది సార్. కానీ గడ్డి గడ్డిగానే ఉంది కదా? వెయ్యేండ్లల్ల కోడి అయిందా?


పాత ఏఈవో:

కోడి అయితే డార్విన్ పుస్తకం నేనే చెరువుల పడేద్దును తమ్మీ. గడ్డి కోడి అయితదని ఆయన ఎక్కడ సుత అనలేదు. నువ్వు వరంగల్ పిల్లగానివి కాబట్టి మన ఊరి ముచ్చటనే చెప్త. వరిల ఉల్లికోడు అనే పురుగు వస్తది, ఎరుకేనా? పిలక ఉల్లికాడలెక్క గొట్టమయితది, ఎన్ను వెళ్లది. మన దేశంల ఉల్లికోడుకు ఏడు రకాలున్నయని లెక్క. చూస్తె ఒక్కతీరే దోమలు, కాని ఒక దానికి తట్టుకునే వరి ఇంకో దానికి తట్టుకోదు. జగిత్యాలల ఉన్నది మూడో రకం, వరంగల్‌ల ఉన్నది 4ఎం అనే రకం. ఒక్క తెలంగాణల, మూడు గంటల బస్సు దూరంల! తట్టుకునే వరి విడుదల చేసుడు, కొన్నేండ్లకు దాన్ని తినగలిగే ఉల్లికోడు పైకొచ్చుడు, మళ్ల కొత్త రకం. నా సర్వీసు సగం ఈ ఆటనే చూసిన.


నల్లరేగడి:

ఏఈవో సార్‌కు దండం. చెల్లె, నాది జమ్మికుంట దిక్కు, ఆరెకరాల పత్తి. నీ ఊద ముచ్చట చదువుతుంటే నా తప్పు నాకు యాదికొచ్చింది, అందుకే రాస్తున్న.

1997-98ల నేను ఇంటర్. లద్దె పురుగు వచ్చి పత్తి ఆకు మిగల్చలేదు. ఏ మందు కొట్టినా చావలే. కొట్టినకొద్ది అప్పు పెరిగింది. పురుగుకు తెచ్చిన మందును రైతులే తాగిన్రు, మా వాడకట్టుల సుత ఒకాయన. దాని గురించి ఎక్కువ రాయ.

2002ల బీటీ పత్తి వచ్చింది, అంటే పురుగును చంపే గుణం మొక్కలనే ఉండేటట్టు జన్యువు పెట్టిన పత్తి. 2006ల రెండు జన్యువులది వచ్చింది. కాయ తొలిచే పచ్చ పురుగు నిజంగనే పోయింది, అబద్ధమెందుకు చెప్పాలె. కాయ పట్టుకుంటే బరువుండేది. విత్తనం డబ్బాల పెద్ద పొట్లం 450 గ్రాములు బీటీ, దానితో పాటు చిన్న పొట్లం 120 గ్రాములు మామూలు పత్తి. చేను చుట్టూ అయిదు సాళ్లు మామూలుది పెట్టాలె అని డబ్బా మీద రాసి ఉండేది. ఎందుకని షాపాయనను అడిగిన. "కంపెనోళ్ల రూలు అన్నా, పెట్టకున్నా ఏం కాదు" అన్నడు. పురుగు తినేదానికి జాగ ఎందుకిడువాలె అని నాకు సుత అనిపించింది. పొట్లాలు పట్టుకపోయి పెంటకుప్ప మీద పోసిన. ఒక ఏడు కాదు, ఎన్నేండ్లు పోసిన్నో. మా వాడల అందరం అంతే. ఒక్కాయన పెట్టిండు, ఆయనను చూసి నవ్వినం.

ఇగ గులాబి రంగు పురుగు మొదలైంది. పూవు ఇచ్చుకోదు, గుడ్డి పూవయితది. కాయ పైకి మంచిగనే కనిపిస్తది, పగలగొడితే లోపల తొలిచిన గింజ, పసుపు పట్టిన దూది. పురుగు లోపలికి పోయినంక రంధ్రం మూసుకపోతది, పైన ఎంత మందు కొట్టినా దానికి తగలది. మా నాయన "పురుగు తెలివి మీరింది" అంటడు. తెలివి పురుగుది కాదు, మాదే తక్కువైంది అని ఇప్పుడు అనిపిస్తున్నది. కాని ఆ అయిదు సాళ్లు పెడితే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ ఎవ్వరు సక్కగ చెప్పలేదు. ఎరుకున్నోళ్లు చెప్పుండ్రి.


జువాలజీ మేడం:

నల్లరేగడి గారూ, ఆ చిన్న పొట్లం పురుగుల పెళ్లిసంబంధాల కోసం. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

బీటీ ఆకు తిన్నా బతికే పురుగు మొదట్లో ఎక్కడో లక్షల్లో ఒకటి ఉంటుంది. బీటీ రాకముందు నుంచే ఉంటుంది. బీటీని చూసి పుట్టింది కాదు. చేను మొత్తం బీటీ అయితే మిగతావన్నీ చచ్చి ఆ అరుదైనవే మిగులుతాయి. వాటికి జత దొరికేది కూడా అలాంటిదే. ఇద్దరూ తట్టుకునేవాళ్లయితే పిల్లలందరూ తట్టుకునేవాళ్లే. అదే చుట్టూ అయిదు సాళ్ల మామూలు పత్తి ఉంటే అందులో బీటీకి చచ్చే రకం పురుగులు బోలెడు బతుకుతాయి. తట్టుకునే ఒక్కదానికి వాటిలోంచే సంబంధం కుదురుతుంది. తట్టుకునే గుణం తల్లి నుంచి, తండ్రి నుంచి, రెండు వైపుల నుంచీ వస్తేనే గట్టిగా పనిచేస్తుంది కాబట్టి వాళ్ల పిల్లలు బీటీ తిని చస్తారు. మీరు పెంటకుప్ప మీద పోసింది ఆ పెళ్లికొడుకులను.

పచ్చ పురుగు ఎందుకు అంతగా తిరగబడలేదో చూడండి. అది కంది, శనగ, మిరప, టమాట, ఏదైనా తింటుంది. మీరు పొట్లం పారేసినా పక్క చేలో కంది ఉంది, దానికి ఆ అయిదు సాళ్ల పని కందే చేసింది. గులాబి పురుగుకు దాదాపు పత్తి తప్ప వేరే తిండి లేదు. ఊరంతా బీటీ అయ్యాక దానికి మామూలు పత్తి ఎక్కడ దొరుకుతుంది? ఒక జన్యువు బీటీని తట్టుకునే పురుగు గుజరాత్‌లో 2010 నాటికి బయటపడింది. తర్వాత నాలుగైదేళ్లకు రెండు జన్యువులదాన్నీ తట్టుకుంది. ఆ తర్వాత మహారాష్ట్ర, మనమూ. ఫిబ్రవరి, మార్చి దాకా తడులిచ్చి చేను నిలబెట్టడం కూడా దానికి కలిసొచ్చింది, ఇంకో రెండు తరాలు అదనంగా పుట్టాయి. అమెరికాలో ఇదే పురుగును బీటీతో పాటు గొడ్డు రెక్కల పురుగులను విమానాల్లోంచి వదిలి, చేను దున్ని, 2018లో దేశంలోనే లేదని ప్రకటించారు. జత కుదరకుండా చేయడమే అక్కడా కిటుకు.

అయితే తెలివి తక్కువైందనకండి. మీరు చేసింది మనుషులు చేసేదే. మీ షాపాయన చెప్పాడు, మీ వాడంతా అదే చేసింది, మీరూ చేశారు. పాకాల కోడలు అడిగిన రెండో ప్రశ్న ఇక్కడే వస్తుంది.

మనిషి పిల్లలు చూసి చేయడంలో కోతులను మించినవాళ్లు. 2005లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. లోపలంతా కనిపించే పెట్టెలోంచి తినేది తీయడం చూపించారు. మధ్యలో అక్కర్లేని పనులు కూడా కలిపి చూపించారు. చింపాంజీలు అవసరం లేనివి వదిలేసి గబుక్కున తీసుకున్నాయి. మన పిల్లలు మాత్రం పనికిరాని పనులతో సహా మొత్తం చేశారు. పిల్లలు తెలివి తక్కువవాళ్లా? మా అమ్మ కంద గడ్డ కోసేముందు చేతికి నూనె రాస్తుంది, వండేటప్పుడు చింతపండు పులుసు పోస్తుంది. ఎందుకంటే "మా అమ్మ అట్లనే చేసేది" అంటుంది. కందలో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయనీ, పులుపు వల్ల దురద తగ్గుతుందనీ ఆమెకు తెలియదు. తెలియకుండానే సరిగ్గా చేస్తోంది. వంటలో ఏ పని అవసరమో ఏది కాదో తేల్చుకోవడానికి ఒక్కోటి మానేసి చూస్తే నాలుక వాచి కూర్చుంటాం. అందుకే పెద్దలు చేసిందంతా చేయడమే ఎన్నో తరాలు మనల్ని కాపాడింది. ఆ అలవాటే పొట్లం పారేసేటప్పుడు కూడా పనిచేసింది. ఒకరిని చూసి ఒకరు పారేశారు, పెట్టినాయనను చూసి నవ్వారు.

ఇంకోటి, మా ఇంటి సంగతే. నాకు గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది. పెరుగు, మజ్జిగ ఎంతైనా పడుతుంది. పాలలో చక్కెరను అరిగించే ఎంజైము పాలిచ్చే జంతువులన్నిటికీ పసితనం తర్వాత తగ్గిపోతుంది. పాడి పశువుల మీద బతికిన కొన్ని మనుషుల సమూహాల్లో అది ఆగకుండా ఉండే జన్యుమార్పు బలపడింది. యూరప్‌లో ఒకటి, ఆఫ్రికాలో, అరేబియాలో వేరేవి, ఎవరిది వాళ్లకే విడిగా. మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికి వచ్చేకొద్దీ తక్కువ. అయినా పాడి ఇక్కడ తక్కువా? కుండలో తోడు వేశాం. ఆ చక్కెరలో కొంత బ్యాక్టీరియా తినేస్తుంది, మిగిలింది అరగడానికీ సాయపడుతుంది. ఒకచోట ఒంట్లో మార్పు వచ్చింది, ఇంకోచోట వంటింట్లో వచ్చింది. జన్యువు తల్లిదండ్రుల నుంచే వస్తుంది, తోడు పక్కింటి నుంచి కూడా వస్తుంది. మా కరీంనగర్‌లో రాత్రి తొమ్మిదింటికి గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒక్క మాట జాగ్రత్త. దీన్ని పట్టుకుని "ఫలానా కులం అందుకే అట్లా, ఆడవాళ్లు అందుకే ఇట్లా" అని కథలు అల్లేవాళ్లు ఉంటారు. వరి పండించేవాళ్లు కలిసిమెలిసి ఉంటారు, గోధుమ పండించేవాళ్లు ఎవరికి వారు అని చైనా విద్యార్థుల మీద చేసిన పరిశీలన ఒకటి 2014లో బాగా పేరుకెక్కింది. వరికి నీళ్లు పంచుకోవాలి, నాట్లకు ఒకరికొకరు రావాలి, నిజమే. పాకాల కింద నీళ్లు పంచే నీరటి లేకుండా నీళ్లు పారేవి కావు కదా. కానీ వరి పండించే ఊళ్లోనే కాలువ నీళ్ల కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్లనూ చూశాను. నేనైతే సగమే నమ్ముతాను.


కేయూ క్యాంటీన్:

పెళ్లికొడుకుల లెక్క అర్థమైంది మేడం. కోడి మాట వెనక్కి తీసుకుంటున్నా.


పాకాల కోడలు:

అందరికి మస్తు థాంక్స్. లేటయింది, నాట్లు, పరీక్ష ఒక్కపారే వచ్చినయి.

ఈ ఏడు మా ఆయన ఎకరం వెదజల్లుడు పెట్టిండు. కూలోళ్లు దొరుకుతలేరు, దొరికినా కూలి గిట్టుబాటు కాదు అని. విత్తిన మూడు రోజులకు ఒక గడ్డి మందు, ఇరవై రోజులకు ఇంకోటి. మిగిలిన ముప్పై గుంటలు మాత్రం అత్తమ్మ పట్టువట్టి నాటేయించింది. ఏఈవో సార్, ఇప్పుడు వెదజల్లిన ఎకరంల ఎవ్వరు కంటితోని ఏరుతలేరు గదా. మరి ఊద ఇంక వేషం ఎందుకు కట్టుకోవాలె?


పాత ఏఈవో:

మంచి మాట పట్టినవు. మందుకు కండ్లు లేవు. ఎర్రదా పచ్చదా, నిలవడ్డదా పరుచుకున్నదా దానికి అక్కర లేదు. తగిలితే చస్తదా బతుకుతదా, అంతే. అమెరికాల అర్కాన్సాస్ వరి మళ్లల్ల ప్రొపానిల్ అనే గడ్డి మందు ఏండ్లతరబడి కొట్టిన్రు, 1990 ప్రాంతంల దానికి చావని ఊద తేలింది. వేషం పాతదే ఉండొచ్చు, వదిలేయొచ్చు, అదిప్పుడు ముఖ్యం కాదు. లోపల వేరేది మారుతది, నీ కంటికి కనిపించది. అందుకే ఏటా ఒక్కటే మందు కొట్టకుండ్రి. మందు కొట్టినంక మిగిలిన నాలుగు మొక్కలను మాత్రం వదలకుండ చేతితోని పీకుండ్రి. అవే ముఖ్యం. వంద చచ్చినయని మురిసిపోయి ఆ నాలుగిడిస్తే వచ్చే ఏడు పొలం మొత్తం వాటి పిల్లలే.


నల్లరేగడి:

మేడం, పెండ్లికొడుకుల ముచ్చట మా నాయనకు చెప్పిన. "అంటే మనం పెండ్లి చెడగొట్టినమా" అన్నడు. ఇప్పుడు రెండు విత్తనాలు ఒక్క సంచిలనే కలిపి ఇస్తున్నరు, పారేద్దామన్నా కుదరది. ఈసారి డిసెంబర్‌లనే పత్తి కట్టె పీకి మక్క వేస్త. ఆ పొట్లం పెట్టినాయన పోయిన ఏడు చచ్చిపోయిండు. బతికుంటే పోయి చెప్పేటోణ్ని.


పాకాల కోడలు:

నిన్న నాటేసిన ముప్పై గుంటల కలుపు తీసినం. ఆ అవ్వనే పిలిపిచ్చిన. మోకాళ్లు పట్టేసినయి, మడిల దిగలేదు, ఒరం మీద కూసొని చూసింది. నేను ప్రతి మొక్క మొదట్ల బొటనవేలు పెట్టి చూసి పీకిన. ఏఈవో సార్ చెప్పిన పొర, చెవులు నిజంగనే తగులుతయి. చెవులు సన్నటి నూగులెక్క ఉన్నయి. కాని మస్తు టైం పడుతది. అత్తమ్మ నాలుగు బారలు పోయేసరికి నేను ఒక్క బార.

కుప్ప పెట్టినంక అవ్వ మళ్ల రెండు పాయలు చేసింది. ఈసారి వరి పాయల ఏడు మొక్కలు. "మంచిదే" అన్నది.

అప్పుడు చెప్పిన, అవ్వా, ఈ ఊద ఇట్ల వరిలెక్క అయ్యింది మీ వల్లనేనట, మీరు, మీ అమ్మ, మీ అవ్వ ఎర్రదాన్ని పీక్కుంట పచ్చదాన్ని ఇడిసిపెట్టిన్రట అని. మొత్తం విన్నది. నవ్వుతదేమో అనుకున్న. నవ్వలే. ఊద మొక్క ఒకటి చేతిల తిప్పి చూసి, "గంత పని నేను చేస్తే మరి దానికి కూలెవ్వలిచ్చిన్రు?" అన్నది. అత్తమ్మ అప్పుడు నవ్వింది.

వెదజల్లిన ఎకరంల మందు కొట్టినంక మిగిలిన ఊద లెక్కవెట్టిన. ఒక మడిల పదకొండు. అన్ని పీకిన. మొదలు ఎరుపున్నది ఒక్కటి సుత లేదు. ఏఈవో సార్ చూస్తరని ఫొటో తీసి పెట్టిన, నెట్ మంచిగున్నప్పుడు ఎక్కిస్త.